కాళ్ళ గది తాళం

కోపం వస్తే నేను ఒంటికాలి మీద లేస్తానని మా అమ్మ చిన్నప్పటి నుంచీ తిట్టేది. ఇప్పుడు కోపం వచ్చినా రాకపోయినా అలాగే లేస్తున్నాను కాబట్టి ఆ మాట అనడం మానేసింది. పధ్నాలుగు నెలల కిందట సర్జాపుర రోడ్డులో ఒక నీళ్ళ ట్యాంకరు నా స్కూటరును గుద్దుకుంటూ పోయింది. స్కూటరు బాగైంది. నా ఎడమ కాలు మాత్రం మోకాలి కింద నుంచి పోయింది. నా పేరు ప్రమీల. మాది చీరాల. పదహారేళ్ళుగా ఈ బెంగళూరులోనే నర్సుగా పనిచేస్తున్నాను. జాలి పడతారని ఇదంతా చెప్పడం లేదు. ఆ ఆదివారం నేను పెద్దమనుషుల ముందు గయ్యాళిలా ప్రవర్తించానని ట్రస్టు వాళ్ళు కనిపించిన వాళ్ళందరికీ చెబుతున్నారు కనక, నా వైపు నుంచి కూడా ఒకసారి వినండి.

ప్రమాదం తర్వాత మా ఆసుపత్రి వాళ్ళు నన్ను రికార్డుల గదిలో కూర్చోబెట్టారు. ఫైళ్ళు, దుమ్ము, ఒక ఫ్యాను. వార్డులోకి పంపండి, నడవగలను అని ఎనిమిది నెలలు అడిగాను. చివరికి నర్సింగ్ సూపరింటెండెంట్ ఫాతిమా మేడమ్ పైవాళ్ళతో పోట్లాడి, ఒకే ఒక్క షిఫ్టు ఇప్పించింది. ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలకి, మగవాళ్ళ సర్జికల్ వార్డు. ఒంటిగంటా ముప్పావుకల్లా నేను అక్కడ ఉండాలి.

"ఆలస్యంగా వచ్చినా, మధ్యలో కుర్చీ అడిగినా, ఇంకోసారి నీ పేరు నేను ఎత్తలేను ప్రమీలా," అంది.

ఎత్తదు. ఆమె అన్న మాట తప్పే మనిషి కాదు.

అదే ఆదివారం పొద్దున హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మా వాలీబాల్ ఆట ఉంది. పెట్టుడు కాళ్ళు తీసేసి, నేల మీద కూర్చుని ఆడే వాలీబాల్. వల ఎత్తు మూడున్నర అడుగులు. బంతి కొట్టేటప్పుడు పిర్ర నేల వదలకూడదు, వదిలితే పాయింటు పోతుంది. జరగడమంతా అరచేతుల మీదే. మమ్మల్ని చేర్చి ఆడించేది 'మలి అడుగు' అనే ట్రస్టు. పెట్టుడు కాళ్ళవాళ్ళనీ, నడవడానికి కాళ్ళకి ఇనుప పట్టీల క్యాలిపర్లు వేసుకునేవాళ్ళనీ ఆటలకీ ఈతకీ తీసుకుపోతుంది. ఉన్నమాట చెప్పాలి, కాలు పోయాక నేను మొదటిసారి పళ్ళు కనిపించేలా నవ్వింది ఆ కోర్టులోనే. అందుకే మానలేకపోయాను, అందుకే అన్నీ సహించాను.

సహించిన వాటిలో మొదటిది టోకెను.

ట్రస్టు నడిపే గురుమూర్తి గారు ఏదో పెద్ద కంపెనీలో హెచ్‌ఆర్ చేసి రిటైరైన మనిషి. పోయిన సంవత్సరం ఒక కార్యక్రమంలో ముఖ్య అతిథి ప్రసంగం సాగుతుండగానే మావాళ్ళు ఒక్కొక్కరూ కాళ్ళు తొడుక్కుని టిఫిన్ల దగ్గరికి జారుకున్నారు. ఫొటోలో అతిథి గారూ, ఖాళీ కోర్టూ మిగిలారు. ఆ దెబ్బతో ఆయన కొత్త పద్ధతి పెట్టాడు. ఆటకి ముందు కాళ్ళన్నీ హాలు చివర ఉన్న చిన్న గదిలో పెట్టి, గుడి ముందు చెప్పుల స్టాండులో లాగా టోకెను తీసుకోవాలి. తాళం ఆయన జేబులో. ఎవరైనా అడిగితే "సేఫ్టీ" అనేవాడు. కాళ్ళను చెప్పులతో సమానం చేశాడని మాకు తెలుసు. తెలిసీ ఇచ్చాం. ఆ తప్పులో మా వాటా మాకుంది.

ఆ రోజు నా టోకెను ఏడు.

"సార్, నాకు మధ్యాహ్నం డ్యూటీ ఉంది. పదకొండుకల్లా వెళ్ళిపోవాలి," అని కాలు ఇస్తూనే చెప్పాను.

"చీఫ్ గెస్ట్ షార్ప్‌గా టెన్‌కి వస్తారమ్మా. లెవెన్‌కి యూ ఆర్ ఫ్రీ," అన్నాడు.

ఆట మాత్రం గొప్పగా జరిగింది. నేను బంతి లేపితే రియాజ్ కొట్టాడు. రియాజ్‌ది మదనపల్లె, ఇక్కడ డెలివరీ బండి నడుపుతూ తొడ నుంచి కాలు పోగొట్టుకున్నాడు. నోరు మాత్రం పూర్తిగా మిగిలింది. అవతలి జట్టులో ఆదినారాయణప్ప, దొడ్డబళ్ళాపురం మగ్గాల మనిషి. పోలియో వల్ల రెండు కాళ్ళకీ క్యాలిపర్లు. అరవై దగ్గర పడుతున్నా బంతిని గోడలా ఆపుతాడు. పదిన్నరకి ఆట అయిపోయింది. మేం పన్నెండుమందిమీ చెమటలు కారుతూ నేల మీదే కూర్చుని ఉన్నాం.

చీఫ్ గెస్ట్ రాలేదు.

పదకొండు. "ఐదు నిమిషాలమ్మా, సిల్క్ బోర్డు దగ్గర ఉన్నారట."

పదకొండున్నర. "ఐదు నిమిషాలు."

సిల్క్ బోర్డు జంక్షన్ నుంచి హెచ్‌ఎస్‌ఆర్‌కి డేకుకుంటూ వచ్చినా ఈపాటికి వచ్చేయొచ్చు. మాకు ఆ పని అలవాటే కాబట్టి లెక్క తెలుసు.

"సార్, నా కాలు ఇచ్చేయండి. ఫొటోలో నేను లేకపోతే కొంపలేం మునగవు," అన్నాను.

"ఒకరికి ఇస్తే అందరికీ ఇవ్వాలి కదమ్మా. డిసిప్లిన్ అనేది ఒకటుంటుంది."

"డిసిప్లిన్ కాదు సార్, వాపు సంగతి చూడండి. కాలు తీసి ఎక్కువసేపు ఉంటే మిగిలిన మొండి ఉబ్బుతుంది. ఆడి ఉన్నాం కాబట్టి ఇంకా ఉబ్బుతుంది. తర్వాత పెట్టుడు కాలి సాకెట్‌లో దూరదు. ఇది చెప్పు కాదు, విడిచేసి ఎప్పుడంటే అప్పుడు వేసుకోవడానికి."

ఆయన నవ్వాడు. ఆ నవ్వు నాకు బాగా తెలుసు. రోగి తన నొప్పి గురించి తనే చెబుతుంటే, ఫైలు వంక చూస్తూ నవ్వే డాక్టర్లను పదహారేళ్ళుగా చూస్తున్నాను.

"ఆరేళ్ళుగా మీవాళ్ళతోనే ఉన్నాను ప్రమీలా. నాకు తెలియదా? నువ్వు ఊరికే టెన్షన్ పడుతున్నావు. ముందు పాజిటివ్‌గా ఆలోచించడం నేర్చుకో."

నాకు ఒళ్ళు మండిపోయింది. చేతికి అందేలా ఉంటే ఆయన పీక పట్టుకునేదాన్ని. కానీ ఆయన నిలబడి ఉన్నాడు, నేను నేల మీద ఉన్నాను. నాకు అందేది ఆయన ప్యాంటు మడత వరకే. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు చూడండి, ఆ ఎలుక ఎత్తు నుంచి చూస్తే లోకంలో అన్నీ మోకాళ్ళే.

ఆసుపత్రికి ఫోను చేశాను. కాస్త ఆలస్యం కావచ్చేమో అని ఇంకా అననే లేదు, ఫాతిమా మేడమ్ ముందే అందుకుంది. "నీకు ఏ మినహాయింపూ అక్కర్లేదని నిన్ననే పైవాళ్ళకి చెప్పాను ప్రమీలా. ఇవాళ నాతోనే మినహాయింపు అడిగించకు," అని పెట్టేసింది. ఆవిడ మీద కూడా కోపం వచ్చింది. ఆవిడ చెప్పింది న్యాయమే కాబట్టి ఇంకా ఎక్కువ వచ్చింది.

కాలు లేకుండా కర్రలతో వెళ్ళొచ్చు కదా అని మీరనొచ్చు. వెళ్ళి ఏం చేయను? నడవగలనని చూపించడానికే కదా వెళ్ళేది.

పన్నెండూ పదికి వచ్చాడు మహానుభావుడు. గోధుమరంగు కోటు, మంచి బూట్లు, వెనక ఫొటోగ్రాఫరు. గుమ్మం దగ్గరే గురుమూర్తి గారు ఆయన ముందు వంగిపోయాడు.

"సార్, ఇది వుడెన్ కోర్టు. షూస్ మాత్రం... మీరు విడిచేయండి సార్, నేను జాగ్రత్త చేస్తాను."

అతిథి గారు విడిచారు. గురుమూర్తి గారూ తన బూట్లు విడిచాడు. రెండు జతలూ రెండు చేతులతో పట్టుకుని, హాలు చివరికి వెళ్ళి, జేబులోంచి తాళంచెవి తీసి, కాళ్ళ గది తలుపు తెరిచాడు.

"సార్!" అని అరిచాను. "తలుపు తీశారు కదా, ఏడో నంబరు అక్కడే ఉంది. పక్కన పెట్టేయండి చాలు!"

ఆయన తల తిప్పలేదు. లోపల బూట్లు పెట్టి, తలుపు వేసి, తాళం వేసి, ఒకసారి లాగి చూసి, జేబులో వేసుకున్నాడు.

"చూస్తివా అక్కా," అన్నాడు రియాజ్. "బూట్లకి ఒక రూలు, కాళ్ళకి ఒక రూలు."

అంతసేపూ నాకు ఉన్నది కోపం. ఆ తాళం పడిన చప్పుడు విన్నాక, అది కోపం కాదు, పగ.

ప్రసంగం ఇరవై నిమిషాలు. మమ్మల్ని చూస్తే ఆయనకి కళ్ళు చెమ్మగిల్లాయట. రెండు కాళ్ళున్న తామంతా సిగ్గుపడాలట. "మీరు కూర్చునే ఇంత సాధిస్తున్నారు. కూర్చుని కూడా ఎంతైనా సాధించవచ్చని మాకు నేర్పించారు," అన్నాడు. చప్పట్లు. ముందు వరుస కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. కందకు లేని దురద కత్తిపీటకెందుకో నాకర్థం కాలేదు. నా మొండి అప్పటికే టిక్కుటిక్కుమని కొట్టుకుంటోంది. చేత్తో తడిమి చూశాను. చుట్టూ ఉబ్బి, నున్నగా బిగుసుకుని ఉంది.

పన్నెండూ నలభై. గురుమూర్తి గారు మైకు అందుకున్నాడు. ఆయనకి ప్రతి సభ చివరా చెప్పే మాట ఒకటుంది. ఇన్నేళ్ళ అలవాటు, నోరు దానంతటదే పలికేసింది.

"ఇప్పుడు ప్రార్థన. దయచేసి అందరూ లేచి నిలబడండి."

కుర్చీలన్నీ కిర్రుమన్నాయి. వచ్చినవాళ్ళందరూ లేచారు. అతిథి గారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. మేం పన్నెండుమందిమీ కోర్టు మధ్యలో కూర్చుని, అందరి నడుముల వంకా చూస్తున్నాం.

మైకులో గురుమూర్తి గారి ఊపిరి వినబడుతోంది. ఆయనకి ఇంకా అర్థం కాలేదు. "ప్లీజ్... అందరూ," అన్నాడు మా వైపు చూస్తూ.

ఆరేళ్ళుగా మావాళ్ళతోనే ఉన్న మనిషి.

"సార్," అన్నాను. వార్డులో ఈ చివరి నుంచి ఆ చివరికి కేక వేసే గొంతు నాది, మైకు అక్కర్లేదు. "మా కాళ్ళు మీ జేబులో ఉన్నాయి. ఇస్తే లేస్తాం."

రియాజ్ పగలబడి నవ్వాడు. ముందు వరుసలో ఎవరో ఇది కూడా కార్యక్రమంలో భాగమేమో అనుకుని చప్పట్లు మొదలుపెట్టారు. అతిథి గారు కూడా కలిపారు. అది చూశాక ఇక నాలో ఏ మర్యాదా మిగల్లేదు. అరచేతులు నేలకి ఆనించి కదిలాను. ఆటలో బంతి కోసం ఎలా దూసుకుపోతానో అలా వెళ్ళాను, వల కింద నుంచి, కుర్చీల సందులోంచి, నేరుగా వేదిక ముందుకి. గురుమూర్తి గారి మేజోళ్ళ ముందు ఆగి చెయ్యి చాపాను.

అతిథి గారికి చేతిలోని పూలగుత్తి నాకివ్వాలనిపించింది. వంగి అందించారు. ఫొటోగ్రాఫరు ఫ్లాష్ కొట్టాడు.

"పూలు కాదు సార్, తాళంచెవి."

గురుమూర్తి గారు కెమెరా వైపు నవ్వుతూనే వంగాడు. "నీతో తర్వాత మాట్లాడతాను," అన్నాడు పళ్ళ మధ్య నుంచి. తాళంచెవి నా అరచేతిలో పెట్టాడు. ఇంకో ఫ్లాష్.

గది వైపు నేను కదిలేసరికి వెనక చప్పుడైంది. పదకొండుమందీ నా వెనకే వస్తున్నారు, అరచేతులు టపటపలాడిస్తూ. మైకులో ఆయన ప్రార్థన మొదలుపెట్టించాడు, కానీ అందరి తలలూ మా వైపే తిరిగి ఉన్నాయి.

తలుపు తీశాను. మా కాళ్ళు నేల మీద ఒకదాని మీద ఒకటి ఒరిగి పడున్నాయి. రెండు క్యాలిపర్ల పట్టీలు చిక్కుపడ్డాయి. పై అరలో శుభ్రంగా న్యూస్‌పేపర్ పరిచి, దాని మీద రెండు జతల బూట్లు పక్కపక్కనే పెట్టి ఉన్నాయి.

ఆ న్యూస్‌పేపరును చూసి ఏడుపొచ్చింది. ఎందుకో నాకూ తెలియదు. మా కాళ్ళకి కాగితం ముక్క కూడా వేయలేదు.

నా కాలు తీసి, మొండికి రబ్బరు లైనరు ఎక్కించి, సాకెట్‌లో పెట్టి నొక్కాను. రోజూ అయితే లోపలి పిన్ను ఆరు టిక్కులు దిగుతుంది. ఆ రోజు ఒక్కటీ దిగలేదు. మళ్ళీ నొక్కాను. మొండి సగంలోనే ఆగిపోయింది. పక్కన రియాజ్‌దీ అదే గతి, బూతులు తిడుతూ తోస్తున్నాడు. క్యాలిపర్లకి ఆ బాధ లేదు కాబట్టి ఆదినారాయణప్ప ఒక్కడే పట్టీలు బిగించి లేచి నిలబడ్డాడు. ఒక్కొక్కరి కాలూ ఏరి చేతికి అందించాడు. నా బ్యాగూ, గోడకి ఆనించిన నా కర్రలూ తెచ్చిచ్చాడు.

"నీకు టైమ్ అయిపోతా ఉండాది కదమ్మా. ఆటో పిలిచినా, గేటు కాడ నిల్చుండాది. దోవలో కట్టుకో పో."

గదిలో మా సామానంతా బయటికి వచ్చేసింది. పై అర మాత్రం అలాగే ఉంది. తాళం నా చేతిలోనే ఉంది. రియాజ్ నా వైపు చూశాడు, నేను ఆదినారాయణప్ప వైపు చూశాను. ఆయన వాళ్ళ ఊరి మగ్గాల సంఘంలో పెద్దమనిషి, తప్పంటే ఆగిపోయేదాన్ని.

"రూలు రూలే కదప్పా. గది కాలీ అయితే తాళమెయ్యాల," అన్నాడాయన నిదానంగా. "పైన ఏముండాదో నేనైతే చూడలేదు."

వేశాను. ఒకసారి లాగి చూశాను. తాళంచెవి నా బ్యాగులో పడింది.

ఆటోలో కాలిని పక్క సీట్లో పెట్టి, మొండికి క్రేప్ బ్యాండేజీ బిగించి చుట్టడం మొదలుపెట్టాను. చుట్టడం, ఐదు నిమిషాలాగడం, విప్పడం, మళ్ళీ ఇంకా గట్టిగా చుట్టడం. రోగులకి వందసార్లు చెప్పి ఉంటాను, ఇంత గట్టిగా చుట్టకూడదని. డ్రైవరు అద్దంలోంచి నా వంకా సీటు మీది కాలి వంకా చూస్తున్నాడు. "రోడ్డు చూడన్నా," అని కసిరాను. పాపం అతనికేం సంబంధం లేదు. కానీ ఆ రోజు నా ఎదురుగా ఎవరున్నా తిట్లు తినాల్సిందే.

సర్జాపుర రోడ్డు మీద, నా కాలు పోయిన చోటు దాటాక, కట్టు విప్పి కాలు తొడిగి నొక్కితే మొదటి టిక్కు పడింది. ఆసుపత్రి గేటు దగ్గర దిగి, గోడ పట్టుకుని, ఒంటి బరువంతా ఆ కాలి మీద వేశాను. నొప్పికి కళ్ళు బైర్లు కమ్మాయి. రెండు. ఇంకోసారి వేశాను. మూడు. అక్కడితో ఆగిపోయింది. చాల్లెమ్మని కర్రలు వాచ్‌మన్ దగ్గర పడేసి లోపలికి నడిచాను.

యూనిఫాం మార్చుకుని వార్డు గుమ్మంలో నిలబడేసరికి ఒంటిగంటా నలభై మూడు. ఫాతిమా మేడమ్ గడియారం కిందే నిలబడి ఉంది.

"నడువు," అంది.

ఇరవై రెండు బెడ్లు. అటు చివరిదాకా వెళ్ళి, ఇటు చివరికి వచ్చాను. ప్రతి అడుగుకీ సాకెట్ అంచు చర్మాన్ని కోస్తోంది. ముఖం మీద మాత్రం ఏమీ కనిపించనివ్వలేదు. రోగులకి ఇంజెక్షను పొడిచేటప్పుడు పెట్టే ముఖం అది.

"కుంటుతున్నావు," అంది.

"అవును మేడమ్."

"రోజూ ఇంతేనా?"

"కాదు మేడమ్. రోజూ ఆరు టిక్కులు పడతాయి. ఇవాళ మూడే పడ్డాయి. ఇంకోళ్ళ నిర్వాకం. రేపటికి సరిగ్గా ఉంటుంది."

ఆవిడ నా కాలి వంక చూడలేదు. కళ్ళలోకి చూసింది, చాలాసేపు. తర్వాత బల్ల మీది ఫైలు తీసి నా చేతిలో పెట్టింది.

"పదకొండో బెడ్డు డ్రెస్సింగు. రేపు కూడా ఇదే షిఫ్టు."

డ్రెస్సింగు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని, ఒక్క నిమిషం బల్ల పట్టుకుని నిలబడ్డాను. ఏడ్చాను కూడా, దాచడమెందుకు. అప్పుడే జేబులో ఫోను మళ్ళీ వణికింది. అప్పటికే పదకొండు మిస్డ్ కాల్స్, అన్నీ గురుమూర్తి గారివే. ఎత్తాను.

"ప్రమీలా! తాళంచెవి నీ దగ్గరే ఉందా? సార్ షూస్ లోపల ఉండిపోయాయి. ఆయనకి ఇంకో ఫంక్షన్ ఉంది, వట్టి కాళ్ళతో ఎండలో కారు దాకా ఎలా వెళ్తారు? డూప్లికేట్ కూడా లేదు. ఎక్కడున్నావు నువ్వు?"

"డ్యూటీలో సార్."

"డ్యూటీ ఏంటమ్మా! అంతసేపు సార్ ఇక్కడ ఏం చేయాలి?"

"కూర్చోబెట్టండి సార్. కూర్చుని కూడా ఎంతైనా సాధించవచ్చని ఆయనే అన్నారు కదా."

అవతల ఆయన గొంతు మారింది. బతిమాలుతున్నాడు. నాకు ఇసుమంత జాలి కూడా కలగలేదు.

"ప్లీజమ్మా. ఎంతసేపట్లో వస్తావో అదైనా చెప్పు."

గోడ గడియారం వంక చూశాను. రెండు కావస్తోంది. నా షిఫ్టు అయ్యేది రాత్రి తొమ్మిదింటికి.

"ఐదు నిమిషాలు సార్," అని పెట్టేసి, పదకొండో బెడ్డు కోసం ట్రే సర్దుకున్నాను.